ముందు నిలబడే మాట

జూన్ 9, 2024, ఆదివారం. గోదావరిఖని

తమ్ముడు ఓవర్‌మెన్ పరీక్షకు చదువుతున్నడు. మైనింగ్ డిప్లొమా అయింది, సర్దార్ సర్టిఫికెట్ ఉంది, బాయిలో దిగితే వానంత నిదానస్తుడు లేడని తోటోళ్లు అంటరు. ఇంగ్లిష్‌లో జవాబు రాసుడు దగ్గరనే తండ్లాట. ఇయ్యాల ప్లే డే (సెలవు రోజు) డ్యూటీ చేసొచ్చి, అన్నం తిని, నోటుబుక్కు నా ముందర పెట్టిండు. ఒక చోట ఎర్ర గీత.

“అక్కా, సేఫ్ ల్యాంప్ అని రాసిన. కోచింగ్ సారు కొట్టేసిండు. సేఫ్టీ ల్యాంప్ అనాల్నట. రెండింటికీ భద్రమనే గదా అర్థం?”

“ఆ ల్యాంప్ జాలి చినిగిందనుకో. అప్పుడది సేఫేనా?”

“ఎట్లయితది? గ్యాస్ ఉన్నకాడికి పట్టుకపోతే పేలుతది.”

“అప్పుడు దాని పేరేంది మరి?”

కొంచెం సేపు ఆగి, “సేఫ్టీ ల్యాంపే” అన్నడు. నవ్వుకుంట గీత పక్కన ఏదో రాసుకొని పోయిండు.

వానికి అది చాలింది. నాకు చాలలేదు.

విశేషణం ముందు నిలబడితే పూచీ పడ్డట్టే: ఈ వస్తువు ఇట్ల ఉంది అని. అది నిజమో కాదో చూసి తేల్చుకోవచ్చు. ముందర నామవాచకం నిలబడితే ఏ పూచీ ఉండదు. ఆ వస్తువు ఏ ఖాతాలోదో, ఏ పని కోసం పుట్టిందో చెప్పి ఊకుంటది. సేఫ్టీ ఆఫీసర్, సేఫ్టీ కమిటీ, సేఫ్టీ వీక్, సేఫ్టీ పిన్ను. పిన్ను వేలికి గుచ్చుకున్నా దాని పేరు మారదు. అందుకే అన్‌సేఫ్ సేఫ్టీ ల్యాంప్ అంటే ఇంగ్లిష్‌లో నిక్షేపంగా అర్థమవుతది. అన్‌సేఫ్ సేఫ్ ల్యాంప్ అంటే పిచ్చి మాట.

ఆ ల్యాంప్ చరిత్ర కూడా ఇదే చెప్తది. 1812లో ఇంగ్లండ్‌లో ఫెల్లింగ్ అనే బొగ్గు గని పేలి 92 మంది చనిపోయిన్రు. ఆ తర్వాత 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నటి తీగ జాలి పెట్టిండు. జాలి వేడిని లాగేసుకుంటది కాబట్టి మంట బయటి గ్యాస్‌కు అంటుకోదు. అదే ఏడాది జార్జ్ స్టీఫెన్‌సన్ కూడా ఇటువంటిదే చేసిండు. ఎవరిది ముందు అని ఇద్దరి మనుషులు చాలా రోజులు కొట్లాడుకున్నరు. అయితే ఈ దీపం వచ్చినంక యజమానులు ఏం చేసిన్రు? గ్యాస్ భయంతో అంతకుముందు వదిలేసిన పొరల్లోకి మనుషుల్ని దింపిన్రు. ప్రమాదాలు ఆగలేదు. దీపం పేరులో సేఫ్ అని ఉంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లేమో. సేఫ్టీ అన్నరు, ఆ పేరు ఏ పూచీ పడలేదు.

ఇప్పుడు నెత్తి మీద క్యాప్ ల్యాంప్ వెలుగుతది, గ్యాస్ చూసేందుకు మిషన్లున్నయి. అయినా గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ కోసం చదివే పిల్లలు ఇప్పటికీ ఆ సేఫ్టీ ల్యాంప్ మంట మీద లేచే నీలం టోపీ ఎత్తును బట్టి మీథేన్ ఎంతుందో చెప్పుడు నేర్చుకోవాల్సిందే.

జూన్ 12, బుధవారం

బడులు తెరిచిన్రు. పదో తరగతిలో సగం మంది ముఖాలు కొత్తవి. ఓపెన్‌కాస్ట్‌ల మీద ఓబీ (పైమట్టి) తీసే కాంట్రాక్టు పనులకు వచ్చినోళ్ల పిల్లలు.

వ్యాకరణ పుస్తకాల్లో ఒక భాగం ఉంటది, పిల్లలు దాన్ని చూస్తేనే జడుసుకుంటరు: ఇంగ్ చివర వచ్చిన మాట నామవాచకం ముందు ఉంటే అది జెరండా, పార్టిసిపులా? నేను చదువుకున్నప్పుడు బట్టీ పట్టిన్రు అందరూ. ఇయ్యాల నేను బోర్డు మీద ఇంగ్లిష్ ముక్క రాయకుండానే మొదలుపెట్టిన.

“చదివే గది. చదివే పిల్ల. రెండింటిలో చదివేది ఎవరు?”

ఒక్క గొంతుతో, “పిల్ల!”

“గది చదవదా?”

నవ్వు. వెనక బెంచీ పిల్లగాడు, “గది ఫెయిలయితది మేడం” అన్నడు.

అంతే. రీడింగ్ రూమ్, రీడింగ్ గర్ల్. తాగే నీళ్లు, మరిగే నీళ్లు. నీళ్లు తాగవు, మరుగుతయి. పిల్లలకు తెలుగులో ఈ తేడా పుట్టుకతోనే వచ్చింది, కాకపోతే ఎవరూ అడగలేదు. తెలుగులో కూడా రెండు పనులకూ ఒక్కటే రూపం: చదివే, తాగే, పండుకునే. ఇంగ్లిష్ వాళ్ల ఇంగ్ చేసే పని మనకు ఏత్వం చేస్తది. సూత్రం చెప్పే పని లేదు, ‘ఆ పని చేసేదెవరు’ అని అడిగితే చాలు.

అప్పుడు ఒక పిల్ల లేచింది. వాళ్ల నాయిన ఇంక్లైన్ మీద పనిచేస్తడు. “మేడం, డ్రిల్లింగ్ మెషిన్? మెషినే డ్రిల్లు కొడ్తది గదా. మరి అది పిల్ల తీరా, గది తీరా?”

నేను అడగాల్సిన ప్రశ్న తనే అడిగింది. మెషిన్ డ్రిల్లు కొడ్తది, డ్రిల్లు కొట్టేందుకే ఉంది. రెండూ నిజమే. వైండింగ్ ఇంజిన్ కూడా అంతే: తాడును చుట్టేదీ అదే, చుట్టేందుకు పెట్టిందీ అదే. మొదటి ప్రశ్న ఇక్కడ పనిచెయ్యదు. రెండో ప్రశ్న కావాలి: పని ఆగితే పేరు నిలుస్తదా? షిఫ్టు అయిపోయి, కరెంటు తీసేసి, మూలకు పెట్టినా అది డ్రిల్లింగ్ మెషినే. పొయ్యి ఆర్పేసి గంట అయినంక అవి బాయిలింగ్ వాటర్ కావు. మెషిన్‌ది పేరు, నీళ్లది అప్పటి స్థితి.

సాయంత్రం ఇంటికొచ్చి చిన్నయసూరి బాలవ్యాకరణం తీసిన. 1858 నాటి పుస్తకం. భూతం, వర్తమానం, భవిష్యత్తు కాకుండా ఆయన తద్ధర్మం అని ఇంకొకటి చెప్పిండు: ఎప్పుడు జరిగిందని కాదు, ఆ వస్తువు స్వభావమే అది అని. తాగునీరు ఎవరూ తాగకున్నా తాగునీరే. సాగునీరు కాలువలో నిలిచిపోయినా సాగునీరే. నా రెండో ప్రశ్నకు ఆయన అప్పుడే పేరు పెట్టి పెట్టుకున్నడు. మద్రాసులో కూర్చున్న పండితునికి డ్రిల్లింగ్ మెషిన్‌తో పనిలేదు గానీ ఉంటే తడుముకునేవాడు కాదు.

జూన్ 14, శుక్రవారం

నామవాచకం ఖాతా చెప్తది, విశేషణం గుణం చెప్తది అని మొన్న రాసుకున్న. అది అన్నిచోట్లా నడవదు. తమ్ముడే గిచ్చి లేపిండు.

“ఎలక్ట్రికల్ ఫోర్‌మెన్ అంటరు. ఎలక్ట్రికల్ విశేషణమే గదా? మరి ఆ ఫోర్‌మెన్‌కు ఏం గుణమున్నట్టు? షాక్ కొడ్తడా?”

మంచం మీద పండుకున్న బాపు, “కొడ్తుండె ఒకడు మా కాలంల” అన్నడు.

విశేషణాల్లో రెండు జాతులున్నయి. ఒకటి గుణం చెప్పేది: లోతైన, తడి, భద్రమైన. దానికి ముందు వెరీ పెట్టొచ్చు. రెండోది విశేషణం వేషం వేసుకున్న నామవాచకం: ఎలక్ట్రికల్, మెకానికల్, మెడికల్, వొకేషనల్. ఇవి కూడా ఖాతాలే చెప్తయి. వెరీ ఎలక్ట్రికల్ ఫోర్‌మెన్ అనరు. ఫోర్‌మెన్ ఈజ్ ఎలక్ట్రికల్ అని తిప్పి కూడా చెప్పరు. అందుకే వీటీసీ బోర్డు నాకు ఇష్టం. వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్: మొదట విశేషణం, తర్వాత ఇంగ్ మాట, చివర అసలు మాట. ముందున్న రెండూ చేసేది ఒకే కొలువు. బాయిలో కొత్తగా చేరినోళ్లంతా 1966 నాటి రూల్స్ ప్రకారం ఆ గేటు దాటే పోవాలి.

ఇక ఎలక్ట్రిక్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రిసిటీ అని మూడు ఉండుడే పిల్లల ప్రాణం తీస్తది. నేను చెప్పే పద్ధతి ఇది. కరెంటుతో నడిచేదో, కరెంటు మోసేదో, కరెంటు వల్ల కలిగేదో అయితే ఎలక్ట్రిక్: ఎలక్ట్రిక్ మోటర్, ఎలక్ట్రిక్ కేబుల్, ఎలక్ట్రిక్ షాక్. ఆ విద్యకో, ఆ శాఖకో సంబంధించిందైతే ఎలక్ట్రికల్: ఇంజినీర్, ఫోర్‌మెన్, డిపార్ట్‌మెంట్. కొలిచి అమ్మే సరుకైతే ఎలక్ట్రిసిటీ: బిల్లు, మీటరు. ఇనుప గీత కాదు ఇది. ఎలక్ట్రికల్ ఎక్విప్‌మెంట్ అన్నప్పుడు రెండో దానికి మొదటి దాని వాసన తగుల్తది. అయినా నూటికి తొంభై చోట్ల గట్టెక్కిస్తది. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల పొగగొట్టాల కింద పుట్టినోళ్లం, ఈ మూడు మాటలన్నా తేడా లేకుండా వాడొద్దని నా పంతం.

ఈ ఊరి నోట్లో నలిగే మెడికల్ అన్‌ఫిట్ సంగతి వేరే. ఇంగ్లిష్ ప్రకారం మెడికల్లీ అన్‌ఫిట్ కావాలి, ఎందుకంటే ముందు మాట అన్‌ఫిట్ అనే విశేషణాన్ని పట్టుకోవాలి, మనిషిని కాదు. కాని ఈ ఊర్లో ‘ఆయన అన్‌ఫిట్ అయిండు, కొడుక్కు నౌకరి వస్తది’ అని రోజూ వినేదే. అది ఇక్కడ మనిషి ఒంటి సంగతే కాదు, ఒక సంఘటన, ఒక ఫైలు. ఆ మాటను దిద్దబోతే నవ్వుతరు, నవ్వాలె కూడా. పరీక్ష పేపర్లో మాత్రం లీ పెట్టమన్న.

జూన్ 16, ఆదివారం

2003లో ఇదే తారీకు జీడీకే-7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు కమ్మి 17 మంది కార్మికులు పోయిన్రు. ఈ ఊర్లో ఆ తారీకు తెలియని ఇల్లు ఉండదు.

తమ్ముడు ఇయ్యాల చదువు వద్దంటడనుకున్న. వాడే నోటుబుక్కు తెచ్చిండు. చదవాల్సింది కూడా అదే అధ్యాయం, నీటి ముంపు. 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో 127వది. వేరే పని జాగాకు, అందులో నీళ్లు లేవని తేలనంత వరకు, 60 మీటర్ల కన్నా దగ్గరికి పనిని తీసుకపోవాలంటే పైనుంచి రాతపూర్వకంగా అనుమతి కావాలి. 2017లో కొత్త రెగ్యులేషన్స్ వచ్చి నంబర్లు మారినయి, పాతోళ్ల నోట్లో ఇంకా 127 అనే ఉంది.

అందులో వర్కింగ్ అనే మాట ఇటు తిప్పి అటు తిప్పి వస్తది. వర్కింగ్స్ అని బహువచనంలో కూడా. ఇక్కడ అది ఇంకొక మాట ముందు నిలబడ్డది కాదు, తనే నామవాచకం: మనుషులు తవ్విన జాగా. వాటర్‌లాగ్డ్ వర్కింగ్స్, ఓల్డ్ వర్కింగ్స్, అబాండన్డ్ వర్కింగ్స్. పని ఆగిపోయి ఇరవై ఏండ్లయినా వర్కింగ్సే. దాని ముందర నిలబడ్డ మాటే ప్రాణం: వాటర్‌లాగ్డ్, అంటే నీళ్లు ఇప్పటికే నిండినయి. తమ్ముడు దాన్ని తొందరలో వాటర్‌లాగింగ్ వర్కింగ్స్ అని రాసిండు. అట్ల రాస్తే నీళ్లు ఇంకా నిండుతున్నయి అని ఒక అర్థం, లేకుంటే ఆ జాగాలే దేన్నో ముంచుతున్నయి అని ఇంకొకటి. నిండిపోయిన జాగా పక్కన తవ్వే మనిషికి ఆ రెండూ పనికిరావు.

డిపిల్లరింగ్, డిపిల్లర్డ్ కూడా అటువంటి జంటే. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో మొదట గ్యాలరీలు కొట్టుకుంట పోతరు, పైకప్పును మోసేందుకు బొగ్గునే పిల్లర్లుగా వదిలిపెడ్తరు. అది డెవలప్‌మెంట్. ఆ తర్వాత వెనక్కి వచ్చుకుంట ఆ పిల్లర్లనే తీస్తరు. తీస్తున్న జాగా డిపిల్లరింగ్ పానెల్. అక్కడ సపోర్ట్‌మెన్ ఉంటడు, సర్దార్ ఉంటడు, బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం నడుస్తది. తీసేసిన జాగా డిపిల్లర్డ్ ఏరియా, అదే గోఫ్. కప్పు ఎప్పుడైనా కూలొచ్చు, కూలాలనే విడిచిపెడ్తరు. అందులోకి మనిషి అడుగు పెట్టొద్దు. ఒకటి పని జరిగే చోటు, రెండోది ఎవరూ పోవద్దని కంచె కట్టే చోటు. మధ్యలో ఉన్నది ఇంగ్‌కు, ఈడీకి ఉన్న తేడానే.

గ్రామర్ పుస్తకాలు రాసేటోళ్లు ఉదాహరణలకు ఫాలింగ్ లీవ్స్, ఫాలెన్ లీవ్స్ ఇస్తరు. ఇక్కడ ఆకులతో పనేంది అనిపిస్తది నాకు.

జూన్ 19, బుధవారం

వాన. ఓపెన్‌కాస్ట్ దిక్కు నుంచి వచ్చిన లారీలు రోడ్డంతా నల్ల బురద చేసినయి.

ఈ రోజు తమ్ముడు అడిగిన దానికి నా దగ్గర తయారు జవాబు లేకుండె. మైనింగ్ ఇంజినీర్ అంటరు, మైన్ మేనేజర్ అంటరు. తిప్పితే ఎందుకు బాగుండదు? నాకు తోచింది ఇది: ఇంజినీర్‌కు ఉన్నది విద్య, తవ్వే విద్య. అందుకే పని పేరు ముందొచ్చింది. మేనేజర్‌కు ఉన్నది గని, ఫలానా గని, దాని గేటు, దాని మస్టర్. అందుకే వస్తువు పేరు ముందొచ్చింది. మైనింగ్ సర్దార్‌లో కూడా విద్యే. సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఏ గనిలోనైనా సర్దారే. కార్మికుల సంఘాలు మాత్రం వస్తువు పేరే పెట్టుకున్నయి. అమెరికాలో 1890 నాటి యునైటెడ్ మైన్ వర్కర్స్, బ్రిటన్‌లో 1945 నాటి నేషనల్ యూనియన్ ఆఫ్ మైన్‌వర్కర్స్. రెండిట్లోనూ ఇంగ్ లేదు. గనిలో పనిచేసే ప్రతి మనిషి తవ్వడు గదా: ల్యాంప్ రూమ్‌లో ఉండేటోడు, పంపు నడిపేటోడు, తాడు చూసేటోడు అందరూ అందులోనే.

ఎస్ సంగతి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. నామవాచకం ఇంకో నామవాచకం ముందు నిలబడితే ఏకవచనంలో ఉండుడు మామూలు. కోల్ టబ్, పిట్ ప్రాప్, టెన్ మీటర్ గ్యాలరీ. టెన్ మీటర్స్ గ్యాలరీ అని రాస్తే మార్కు పోతది. “మరి మైన్స్ యాక్ట్‌లో ఎస్ ఎందుకున్నది?” అని నిలదీసిండు. 1952 చట్టం మైన్స్ యాక్ట్; 1902 నుంచి నడుస్తున్న మన తనిఖీ శాఖ ధన్‌బాద్‌లో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ మైన్స్ సేఫ్టీ; మనదగ్గర మైన్స్ రెస్క్యూ స్టేషన్. అన్నీ ఎస్‌తోనే. బ్రిటిష్ వాళ్ల అలవాటు అది, ఒక గని కాదు, గనులన్నీ అని చెప్పాలనుకున్నప్పుడు బహువచనాన్ని ముందరనే ఉంచుతరు. అమెరికా వాళ్ల 1977 చట్టం మాత్రం మైన్ సేఫ్టీ అండ్ హెల్త్ యాక్ట్, ఎస్ లేకుండనే. రెండు దేశాల చట్టాల పేర్లు కలిపేస్తే పరీక్షలో ఏ దేశపు శాఖో తెలియకుండా పోతది అన్న.

మన కంపెనీ పేరు కూడా విప్పి చూసినం. సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్, 1920 నుంచి ఇదే పేరు. ఊరి పేరు, గనుల బహువచనం, కంపెనీ: మూడు నామవాచకాలు వరుసగా. పేరు మొత్తంలో విశేషణమంటే లిమిటెడ్ ఒక్కటే, అది కూడా ముందు నిలబడకుండా చివరకు పోయి కూర్చున్నది.

బాపు వింటున్నడు. ఆయన తట్టా చెమ్మస్ కాలపు ఫిల్లర్. “మా పని పోగొట్టినదాని పేరేందిరా?” అన్నడు. ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ. సైడ్ డిశ్చార్జ్ లోడర్. లోడ్ హాల్ డంప్. రెండో దానిని చూసి నేనే ఆగిపోయిన. లోడ్, హాల్, డంప్: విశేషణం కాదు, ఇంగ్ లేదు, మూడు క్రియలు ఒట్టిగా వరుసలో నిలబడ్డయి. నింపు, మోయి, పోయి. వ్యాకరణం అడిగే నామవాచకం, విశేషణం, ఇంగ్ అనే మూడు గదుల్లో ఏ గదిలోనూ పట్టదు. బాపు చేసిన పని సరిగ్గా అదే వరుస: తట్టకు నింపుడు, నెత్తిన మోసుడు, టబ్‌లో పోసుడు. యంత్రానికి పేరు పెట్టిన ఇంజినీర్‌కు వ్యాకరణం అడ్డం రాలేదు, పని వరుస రాసుకొని పోయిండు.

కంటిన్యూయస్ మైనర్‌కు బాపు నవ్వు ఆపుకోలేదు. “లీవు లేకుండ పనిచేసెటోడా?” విశేషణం కరెక్టే, ఆగకుండా కోసేది. మైనర్ అన్నదే మనిషి పేరు, యంత్రానికి తొడిగిన్రు.

జూన్ 23, ఆదివారం

కోల్ బేరింగ్ ఏరియాస్ యాక్ట్, 1957. భూములు పోయినోళ్ల ఇండ్లల్లో ఈ పేరు ఇంగ్లిష్ రానోళ్ల నోట్లో కూడా ఉంటది. బేరింగ్‌కు రెండు ప్రశ్నలూ పెట్టి చూసిన. మోసేదెవరు? ఆ నేలే. పని ఆగితే పేరు నిలుస్తదా? బొగ్గంతా తీసేసినంక ఆ నేల కోల్ బేరింగ్ కాదు. కాబట్టి పార్టిసిపులే. కోల్ ఏరియా అని రాసి ఉంటే ఒట్టి ఖాతా అయ్యేది. కోల్ బేరింగ్ అన్నప్పుడు కింద బొగ్గుందని చట్టం పూచీ పడ్డట్టు.

వర్కింగ్ ఫేస్ ఒక్కటి మిగిలింది. పని చేసేందుకు ఉన్న ఫేసా, పని నడుస్తున్న ఫేసా? నేను ఎటూ తేల్చక నాలుగు రోజులుగా దాన్ని మార్జిన్‌లో ఉంచిన. ఫేస్ ఏమీ చెయ్యదు, చేసేది మనుషులు. ఆ లెక్కన గది తీరు. కాని పని ఆగితే పేరు నిలవదు. ఆ లెక్కన మరిగే నీళ్ల తీరు. ఒక ప్రశ్న ఇటు లాగితే ఇంకొకటి అటు లాగుతది.

తమ్ముడు చాయ్ తాగుకుంట తేల్చిండు. “మా దగ్గర నాన్ వర్కింగ్ ఫేస్ అంటం. నాన్ డ్రిల్లింగ్ మెషిన్ అని ఎవడన్న అంటడా?”

అనడు. నాన్ రీడింగ్ రూమ్ అని కూడా అనరు. ముందర నాన్ పెట్టి కాదనగలిగితే అది స్థితి, పేరు కాదు. రెగ్యులేషన్స్‌లో ఫేస్‌కు ఇచ్చిన నిర్వచనం కూడా వాని దిక్కే ఉంది: పని జాగాలో ముందుకు జరుగుతుండే అంచు అని. జరుగుడు ఆగిందంటే మామూలు బొగ్గు గోడ.

ఇటువంటి ప్రశ్న ఓవర్‌మెన్ పేపర్లో రాదని వాడే అన్నడు. పదో తరగతికి మాత్రం నేను పెడ్త, మూడో ప్రశ్నగా. మొదటి రెండింటికీ లొంగని మాటలు ఏమేం తెస్తరో చూడాలి. ఆ డ్రిల్లింగ్ మెషిన్ పిల్ల ఏదో ఒకటి పట్టుకొనే వస్తది.